తొట్టిలో వేసింది ఎటు పోతుంది?

తార్నాకలో ఒక పక్క జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఇంకాస్త ముందుకెళితే పాతవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అని పిలిచే ఐఐసీటీ. లాలాపేట వైపు తిరిగితే విజయ డెయిరీ. మనుషుల తిండి మీద పరిశోధన, రసాయనాల మీద పరిశోధన, పొద్దున్నే గడపలోకి వచ్చే పాల ప్యాకెట్టు, అన్నీ నడిచిపోయేంత దూరంలోనే. ఆ పాలిచ్చే బర్రె ఏం తింటుంది, తిన్నది ఎటు పోతుంది అనే చదువు మాత్రం ఊరికి ఆ చివర, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో ఉంది. 1946లో మొదలైన ఆ కళాశాల, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఉస్మానియాదే.

నా ఉద్యోగమంతా ఆ చివర గడిచింది, విశ్రాంతి ఈ చివర గడుస్తోంది. ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు వెళ్తే, పర్యావరణ శాస్త్రం చదివే పిల్లలు పట్టుకుని ఫీడ్‌లాట్ల గురించి, పశువుల మీథేన్ గురించి అడుగుతుంటారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పినవి ఇవి. వరుసకు పెద్ద అర్థం లేదు. మూడోది, నాలుగోది మాత్రం దాటెయ్యకండి.

1. మన ఫీడ్‌లాట్ తబేలాయే.

టెక్సాస్, కాన్సస్‌లలో ఒక్కో ఫీడ్‌లాట్‌లో వేలు, పదుల వేల పశువులుంటాయి. పచ్చిక బయళ్లలో పెరిగిన కోడెలను తెచ్చి, నాలుగైదు నెలలు మొక్కజొన్న మేపి, మాంసానికి పంపుతారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. కానీ ముప్ఫై బర్రెలను ఒక రేకుల షెడ్డులో కట్టేసి, గడ్డి కర్ణాటక నుంచీ, దాణా మిల్లు నుంచీ తెప్పించి, పాలు వీధిలో పోసి, పేడను నాలాలోకి కడిగే తబేలా ఉంది. పశువు తిరగదు, మేతే పశువు దగ్గరికి వస్తుంది. పేడ మాత్రం మేత పండిన చేనికి తిరిగి వెళ్లదు. ఫీడ్‌లాట్ జబ్బు అదే. పశువుల సంఖ్య చూసి ఇది వేరు, అది వేరు అనుకునేవాళ్లు లోపలికి వచ్చి ఒకసారి గాలి పీల్చాలి.

2. మీథేన్ నోటి నుంచి వస్తుంది.

నవ్వుకోవడానికి వీలుగా ఉంటుందని అందరూ వెనక నుంచి అనుకుంటారు. జీర్ణక్రియలో పుట్టే మీథేన్‌లో తొంభై శాతానికి పైగా త్రేన్పుల్లోనే పోతుంది. నెమరువేసే జంతువు పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, సూక్ష్మజీవులు పీచును విరగ్గొడతాయి. ఆ పనిలో హైడ్రోజన్ మిగులుతుంది. అది పేరుకుపోతే మొత్తం పని ఆగిపోతుంది. ఆర్కియా అనే జాతి సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేసి బయటికి పంపేస్తాయి. పశువుకు అది నష్టమే, కానీ అవసరమైన నష్టం. అందుకే ‘మీథేన్ ఆపేద్దాం’ అని ఎవరైనా అంటే, ఆ హైడ్రోజన్ ఎటు పోవాలో ముందు చెప్పమంటాను. పశువుకు శక్తినిచ్చే ప్రొపియోనిక్ ఆమ్లం తయారీలోకి మళ్లితే మంచిది. అలా మళ్లించడమే మా శాస్త్రంలో సగం.

2006 నాటి అంతర్జాతీయ లెక్కల్లో బర్రెకు ఏడాదికి 55 కిలోల మీథేన్ అని వేశారు. అందులో ఉన్న శక్తిని లెక్కగడితే వంటింటి గ్యాస్ సిలిండర్లు నాలుగుకు పైనే. యజమాని డబ్బు పెట్టి కొన్న మేతలోంచే అవి గాల్లోకి పోయాయి.

గడ్డి తినే పశువు తిన్న శక్తిలో ఆరున్నర శాతం దాకా మీథేన్‌గా పోగొట్టుకుంటుంది. తొంభై శాతం గింజలతో మేపే అమెరికన్ ఫీడ్‌లాట్ పశువుకు మూడు శాతమే. అంటే ఫీడ్‌లాటే శుభ్రమా అని పిల్లలు వెంటనే అడుగుతారు. ఆ ఒక్క అంకె వరకూ అవును. కానీ ఆ గింజ పండించడానికి వేసిన ఎరువు, ఒకేచోట గుట్టపడిన పేడ, పొట్టలో ఆమ్లం పెరిగి వచ్చే జబ్బులు ఆ అంకెలో లేవు. పైగా మనిషి తినగల గింజను పశువుకు వేసి, మనిషి తినలేని చొప్పను తగలబెట్టడం మన దేశంలో ఏ లెక్కన సమర్థించుకోవాలో నాకు తెలియదు. పోషకాహార సంస్థ గోడ పక్కన నిలబడి దాన్ని సమర్థించలేం.

3. కొట్టంలో కళ్లు మండుతున్నాయంటే చెక్క ఎక్కువైంది.

ఇది పుస్తకాల్లో ఉన్నా, నాకు అర్థమైంది తబేలాల్లోనే. తెల్లవారుజామున తలుపు తీయగానే ముక్కు పగిలే ఘాటు వస్తుంది. అది పేడ కంపు కాదు, అమ్మోనియా. ఎక్కడి నుంచి వచ్చింది? దాణా బస్తాలోంచి.

బర్రె తిన్న మాంసకృత్తులను రూమెన్‌లోని సూక్ష్మజీవులు చాలావరకు అమ్మోనియాగా విరగ్గొట్టి, దానితో తమ ఒళ్లు కట్టుకుంటాయి. ఆ సూక్ష్మజీవులే తర్వాత పేగుల్లో బర్రెకు తిండి అవుతాయి. ఒళ్లు కట్టుకోవడానికి వాటికి శక్తి కూడా అదే సమయానికి అందాలి. పత్తి చెక్క, వేరుశనగ చెక్క దండిగా పడి, పిండి పదార్థం చాలకపోతే అమ్మోనియా మిగిలిపోతుంది. అది రక్తంలోకి, రక్తంలోంచి కాలేయానికి వెళ్తుంది. కాలేయం దాన్ని యూరియా చేసి మూత్రంలోకి తోస్తుంది, ఆ పనికి పశువు శక్తి ఖర్చవుతుంది. నేల మీద మూత్రం, పేడ కలిశాక పేడలోని ఎంజైము ఆ యూరియాను గంటల్లోనే మళ్లీ అమ్మోనియా చేస్తుంది. కళ్లు మండించేది అదే. ఆ తర్వాత అది ఎక్కడో చెరువులోనో చేనులోనో దిగి, అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కిలోకు కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే రెండు వందల డెబ్భై రెట్లు ఎక్కువ.

పాడి పశువు తిన్న నత్రజనిలో పాలలోకి చేరేది సుమారు పావు వంతు. మిగతాదంతా పేడ, మూత్రం. బజారులో చెక్క ధర చూసినవాళ్లెవరికైనా ఈ లెక్క కడుపు మండించాలి.

పాలు ఒక పూట తగ్గితే మన యజమాని చేసే మొదటి పని ఇంకో దోసెడు చెక్క వేయడం. ఒక పెద్దాయనతో ఈ విషయం మీద చాలాసార్లు వాదించాను. “సార్, మీ లెక్క కరెక్టే. కానీ మీకు ఒకటో తారీకు జీతం వస్తది. నాకు చెంబు నిండితేనే” అన్నాడాయన. ఆ భయానికి పాఠం చెప్పి లాభం లేదు. పాలలో యూరియా ఎంత ఉందో పరీక్ష చేయించి చూపిస్తే నమ్ముతాడు. యూరియా ఎక్కువుంటే చెక్క వృథా అవుతోందని, లేదా మక్క పిండి చాలడం లేదని అర్థం. పరీక్ష చవకది. పాల కేంద్రాల్లో కొవ్వు కొలిచినంత మామూలుగా దీన్నీ కొలవాలని నా పట్టుదల.

అమెరికాలో మాంసపు పశువుల దాణాలో మాంసకృత్తులను 13 శాతం నుంచి 11.5కి దించి చూశారు. నేల మీంచి లేచే అమ్మోనియా పావు వంతుకు మించి తగ్గింది. కొత్త యంత్రమేదీ లేదు, బస్తాలో పాళ్లు మారాయంతే.

4. గడ్డి మండీ వ్యాపారికి మనకంటే ముందే తెలుసు.

హైదరాబాద్‌లో తబేలాలకు జొన్న చొప్ప అమ్మే వ్యాపారులున్నారు. చొప్పను వాళ్లు పేర్లు పెట్టి అమ్ముతారు: రాయచూరు, రాయలసీమ, తెలంగాణ, ఆంధ్ర. 2004-05 ప్రాంతంలో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసే అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రవేత్త మైఖేల్ బ్లూమెల్, ఆర్థికవేత్త పార్థసారథి రావు ఈ మండీల్లో నెలనెలా ధరలు రాసుకున్నారు, నమూనాలు తెచ్చి ప్రయోగశాలలో జీర్ణత కొలిచారు. నాసి చొప్పలో 47 శాతం, మేలిరకంలో 52 శాతం జీర్ణమవుతోంది. తేడా ఐదే. ధరలో తేడా మాత్రం పావు వంతు.

వ్యాపారి దగ్గర పరికరం లేదు. కాడ విరిచి చూస్తాడు, వాసన చూస్తాడు, ఆకు ఎంతుందో చూస్తాడు. ఆ ఐదు శాతానికి ఆయన పెట్టిన ధర, వాళ్లు ప్రయోగశాలలో కొలిచిన అంకెతో సరిపోయింది.

ఆ ఐదు శాతం పర్యావరణానికి ఏమిస్తుందో చూడండి. వంద కిలోల ఎండు చొప్ప తింటే నాసిరకం 53 కిలోలు పేడగా బయటికొస్తుంది, మేలిరకం 48. పేడ తగ్గింది. అరిగింది ఎక్కువ కాబట్టి పాలు పెరిగాయి. లీటరు పాలకు మీథేన్ తగ్గింది. ఇదంతా బర్రెకు ఏ మందూ పెట్టకుండానే.

దీని వెనక ఇంకో కథ ఉంది. గింజ దిగుబడి పెంచడమే పనిగా పెట్టుకున్న రోజుల్లో జొన్న వంగడాలు తయారుచేసినవాళ్లు చొప్పను లెక్కలోకి తీసుకోలేదు. గింజ ఎక్కువిచ్చే పొట్టి రకాలను చూసి చాలామంది రైతులు పెదవి విరిచారు. ఇంటి ముందు రెండు పశువులున్నవాడికి చొప్ప కూడా పంటే. ఇక్రిశాట్‌లోనూ, రాజేంద్రనగర్‌లోని జొన్న పరిశోధన కేంద్రంలోనూ (ఇప్పుడది చిరుధాన్యాల సంస్థ) తర్వాత చొప్ప నాణ్యతను కూడా చూడటం మొదలైంది. కాడలో లిగ్నిన్ తక్కువుండే, ఆకు ఈనె గోధుమ రంగులో ఉండే జొన్న మీద పని జరిగింది. గింజా చొప్పా రెండూ బాగుండే రకం దొరకదనే భయం చాలావరకు ఉత్తదని తేలింది.

అయితే ఈలోగా తెలంగాణ చేలల్లో జొన్న పోయి పత్తి, వరి వచ్చాయి. జొన్న చొప్ప ఇప్పుడు దూరం నుంచి లారీల్లో వస్తుంది. ఇక్కడ దండిగా ఉన్నది వరిగడ్డి, దాన్ని కోత యంత్రం చేనంతా చిమ్మి వదిలేస్తే రైతు నిప్పు పెడతాడు. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, మూడు వారాలు గాలి చొరకుండా కప్పి ఉంచితే గడ్డి మెత్తబడుతుంది, జీర్ణత పెరుగుతుంది. ఎన్నో ఏళ్లుగా అందరికీ తెలిసిన పద్ధతి. ఎన్ని శిక్షణ శిబిరాలు పెట్టినా ఊళ్లలో నిలవలేదు. కప్పడానికి టార్పాలిన్, తడపడానికి నీళ్లు, తొక్కడానికి మనుషులు కావాలి, తబేలాలో అయితే అసలు జాగాయే లేదు. పనిచేసే పద్ధతి వేరు, నిలిచే పద్ధతి వేరు. విస్తరణ విభాగం వాళ్లను తక్కువగా చూసే పరిశోధకులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతాను. గడ్డిని చిన్నగా నరికి వేయడం మాత్రం నిలిచింది, ఎందుకంటే కాళ్ల కింద తొక్కుడుపడే గడ్డి ఎవరి కంటికైనా కనబడుతుంది.

5. తవుడు, భాస్వరం.

తవుడులో భాస్వరం ఎక్కువ, ఒకటిన్నర శాతానికి అటూ ఇటూ. పాడి పశువు మొత్తం మేతలో కావలసింది అర శాతం కూడా కాదు. కోడికి గింజల్లోని ఫైటేట్ భాస్వరం సరిగ్గా అందదు. బర్రెకు ఆ ఇబ్బంది లేదు, రూమెన్ సూక్ష్మజీవులే దాన్ని విడగొడతాయి. అందువల్ల తవుడు దండిగా మేపే కొట్టంలో భాస్వరం ఇంకా కలిపిన ఖనిజ మిశ్రమం వేయడమంటే దాన్ని నేరుగా నాలాలో పోయడమే. ఆ నీళ్లు చేరిన చెరువులో గుర్రపు డెక్క ఎందుకు అంతలా అల్లుకుంటుందో దీంతోనూ కొంత తెలుస్తుంది.

మరోవైపు ఒట్టి వరిగడ్డితో బతికే ఊరి పశువుకు భాస్వరమే కరువు, ఎద కూడా సరిగ్గా రాదు. ఒకే రకం ఖనిజ మిశ్రమం రెండింటికీ అమ్ముతున్నాం. ప్రాంతాన్ని బట్టి మిశ్రమం ఉండాలని మా శాఖలో ఎప్పటినుంచో అంటున్నారు. ఇప్పుడు బియ్యం, మక్కల నుంచి ఇథనాల్ తీశాక మిగిలే డీడీజీఎస్ కూడా దాణాలోకి వస్తోంది. పిండి పోయి మిగిలినదంతా చిక్కబడుతుంది కాబట్టి అందులో మాంసకృత్తులూ ఎక్కువ, భాస్వరమూ ఎక్కువ. అమెరికా ఫీడ్‌లాట్లు ఇథనాల్ ఫ్యాక్టరీల పక్కన చేరినప్పుడు వాళ్ల పేడలో ఈ రెండూ పెరిగాయి. చవక అని కళ్లు మూసుకుని కలపకుండా, దేన్ని తీసేసి దాన్ని వేస్తున్నామో చూసుకోవాలి.

6. మందుల గురించి ఉత్సాహం ఉండాలి, తొందర వద్దు.

బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లున్న మొక్కలతో హరిత్ ధార అనే మిశ్రమం తయారుచేసి 2021లో బయటపెట్టింది. మీథేన్ 17 నుంచి 20 శాతం దాకా తగ్గుతుందని వాళ్ల ఫలితం. చింతగింజల పొట్టు మీద కూడా ఆ సంస్థ పనిచేసింది. చింతపండు వ్యాపారంలో గింజ ఎంత మిగులుతుందో తెలిసిన తెలుగువాడిగా నాకు అది ప్రత్యేకంగా నచ్చింది. టానిన్లు ఎక్కువైతే మాత్రం పశువు మేత మానేస్తుంది, అరుగుదలా తగ్గుతుంది. మోతాదే అంతా.

విదేశాల్లో 3-ఎన్‌ఓపీ అనే రసాయనానికి 2022లో యూరప్, 2024లో అమెరికా దారి ఇచ్చాయి. చిటికెడు మందుతో పాడి ఆవుల్లో మీథేన్ దాదాపు ముప్ఫై శాతం తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో ఎరుపు రంగు సముద్రపు నాచు ఇంకా ఎక్కువ తగ్గిస్తుందంటారు, దానిలోని బ్రోమోఫాం మీద సందేహాలూ ఉన్నాయి. 3-ఎన్‌ఓపీ రూమెన్‌లో కొద్ది గంటల్లోనే విరిగిపోతుంది. రోజంతా కలిపిన మేత తినే ఫీడ్‌లాట్ పశువుకు అది కుదురుతుంది. పాలు పిండే రెండు పూటలే దాణా చూసే బర్రెకు? ఏ మందు వచ్చినా నేను మొదట అడిగేది, పాల ధరలో పైసా పెరగకుండా ఆ ఖర్చు ఎవరు భరిస్తారని.

7. లీటరుకు లెక్క వేయండి, పశువుకు కాదు.

బర్రె పాలిచ్చినా ఇవ్వకపోయినా బతకడానికి కొంత మేత కావాలి, ఆ మేరకు మీథేన్ వదులుతుంది. ఐదు లీటర్ల బర్రెలు రెండింటి బదులు పది లీటర్లది ఒకటి ఉంటే ఆ బతుకు ఖర్చు సగం మిగులుతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు, బర్రెలు కలిపి ముప్ఫై కోట్లు. సంఖ్యలో మనమే ముందున్నాం, లీటరుకు వచ్చే మీథేన్ కూడా మన దగ్గర ఎక్కువే. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఊళ్లలో మనుషులను పెట్టి, ఇంటింటికీ ఉన్న మేతలతోనే పాళ్లు సరిచేసి చెప్పింది. కొత్తగా కొనిపించింది దాదాపు ఖనిజ మిశ్రమమే. పాలు పెరిగాయి, ఖర్చు తగ్గింది, మీథేన్ పది శాతానికి మించి తగ్గింది. నాకు తెలిసినంతలో భారతదేశంలో ఇంతకంటే చవకైన వాతావరణ కార్యక్రమం లేదు. దానికి వాతావరణం అనే పేరు పెట్టకపోవడం వల్లే రైతులు ఒప్పుకున్నారేమో.

కానీ ఈ లీటరు లెక్కలో తబేలా దాచిపెట్టేది ఒకటుంది. పాలున్న ముర్రా బర్రెను కొని తెస్తారు, ఎండిపోగానే అమ్మేస్తారు. మళ్లీ చూడి కట్టించి మేపే ఖర్చు వాళ్లకు గిట్టదు. దూడ బతకదు. తబేలా పుస్తకంలో లీటరు లెక్క బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆ బర్రెను నాలుగేళ్లు పెంచిన ఊళ్లో మేత, మీథేన్ ఎవరి పుస్తకంలోనూ లేవు. ప్రాజెక్టు రాసేవాళ్లు గేటు దగ్గర లెక్క మొదలుపెట్టకూడదు.

8. కొలవండి.

గాజు సిరంజీలో రూమెన్ ద్రవం, చిటికెడు మేతపొడి వేసి గాలి ఎంత లేస్తుందో చూసే పద్ధతి జర్మనీలోని హోహెన్‌హైమ్‌ది, 1979 నాటిది. పక్కటెముకల వెనక రంధ్రం చేసి మూత బిగించిన పశువు పొట్టలోకి నైలాన్ సంచిలో మేత పంపి, రేపు తీసి తూచేది ఇంకొకటి. మొదటిసారి చెయ్యి మోచేతి దాకా ఆ వెచ్చని పొట్టలోకి పోయినప్పుడు మొహం మాడ్చుకోని విద్యార్థిని నేను చూడలేదు. బతికున్న పశువు త్రేన్పును పట్టుకోవడానికి మెడకు డబ్బా కట్టే ఎస్‌ఎఫ్6 పద్ధతి ఉంది. ఏదో ఒకటి నేర్చుకోండి. విదేశీ సగటును మన బర్రె మీద రుద్ది రాసిన వ్యాసాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

9. మేత మీద ఎంత పనిచేసినా పేడ మిగులుతుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో పాడి కొట్టాలకు మార్గదర్శకాలిచ్చింది. నాలుగు వందల కిలోల పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ, అన్నే లీటర్ల మూత్రం వదులుతుందని వాళ్ల లెక్క. ముప్ఫై బర్రెల తబేలాలో తక్కువలో తక్కువ 450 కిలోల పేడ. ఎండబెట్టి పిడకలు చేస్తే మీథేన్ పెద్దగా పుట్టదు. నీళ్లలో కలిపి గుంటలో నిలవబెడితే గాలి అందక పుడుతుంది.

తార్నాక ఐఐసీటీలో రూపొందించిన గ్యాస్ లిఫ్ట్ రియాక్టర్‌తో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ రోజుకు పది టన్నుల చెత్తను తిని, ఐదు వందల యూనిట్ల కరెంటు ఇస్తోంది. అలాంటిది తబేలాకు ఎందుకు పెట్టరని అడుగుతారు. కూరగాయ చెత్తలో ఇంకా అరగని సరుకు ఉంటుంది; పేడలో ఉన్నది బర్రె తీసుకోగా మిగిలింది. మేం మేత ఎంత బాగు చేస్తే కిలో పేడకు గ్యాసు అంత తగ్గవచ్చు కూడా. అయినా కిలో పచ్చి పేడకు నలభై లీటర్ల గ్యాసు వస్తుంది. ఆ 450 కిలోలతో రోజూ సిలిండర్‌లో సగం దాకా దొరుకుతుంది, టీ కొట్లున్న గల్లీలో అది అమ్ముడుపోని సరుకేం కాదు.

అడ్డుపడేది నీళ్లు. గ్యాసు గుంటకు పేడతో సమానంగా నీళ్లు చాలు. మన కొట్టాల్లో పొద్దున్నే బోరు పైపు పెట్టి నేలంతా ఒకేసారి కడుగుతారు. అలా పలచబడ్డ నీళ్లు ఏ ప్లాంటుకూ పనికిరావు, నాలాకే పోతాయి. ముందు పారతో ఎత్తి, మిగిలింది కడిగితే ఆ పేడను ప్లాంటుకైనా ఇవ్వొచ్చు, నర్సరీలకైనా అమ్మొచ్చు. చెక్క మీద నాతో వాదించిన ఆ పెద్దాయన కొట్టంలో దీన్ని మొదలుపెట్టారు. అందుకు మాత్రం ఆయన వాదించలేదు. పేడ కొనేవాడు ట్రాలీతో గేటు దగ్గరికే వస్తున్నాడు, నీళ్లు కలిపిన పేడకు డబ్బులివ్వడం లేదు.